మామ్మ బతుకును రాసిపెట్టడం ఎలా

పెద్దకర్మ కార్డుల మీద మామ్మల గురించి వేసే మాటలు ఏ ఇంట్లో చూసినా ఒకటే. ప్రేమమూర్తి, అన్నపూర్ణ, సహనశీలి. అవి అబద్ధాలని కాదు, కానీ ఏ ఇంటి మామ్మకైనా సరిపోతాయి. మీ మామ్మ ఎవరి పొలంలో ఊడ్పులకి వెళ్ళింది, మొదటి కూలి డబ్బులతో ఏం కొనుక్కుంది, ఏ తోటికోడలితో ఎన్నాళ్ళు మాట్లాడలేదు, దేనికి మాట్లాడలేదు, తాత వద్దన్నా వినకుండా ఏ పని చేసింది, ఇవి మాత్రం ఆవిడవే. ఇంకొకరికి సరిపోవు. ఇలాంటి సంగతులు దక్కించుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మామ్మ అన్న ప్రతిచోటా మీ అమ్మమ్మ అనీ చదువుకోవచ్చు.

ఆవిడ బతికుంటే ఈ వారమే మొదలుపెట్టండి. పండక్కి వెళ్ళినప్పుడు చూద్దాం అనుకోవద్దు. పండక్కి ఇంటినిండా జనం ఉంటారు, ఆవిడ వంటింట్లో ఉంటుంది, టీవీ మోగుతూ ఉంటుంది. మామూలు రోజు వెళ్ళండి.

ముందు ఒక వస్తువుతో

"మామ్మా, నీ జీవితం గురించి చెప్పు" అని అడిగితే వచ్చే జవాబు మనకి ముందే తెలుసు: "మాకేటుందిరా సెప్పడానికి, సదువా సంజా." అడిగిన తీరులోనే లోపం ఉంది. అరవై డెబ్బై ఏళ్ళ బతుకును ఒక్క ప్రశ్నలో చెప్పమంటే ఎవరైనా అంతే అంటారు.

ఇంట్లో ఒక వస్తువు తీసి ఆవిడ ముందు పెట్టండి. తిరగలి, కుంచం, పెళ్ళినాటి ట్రంకు పెట్టె, కన్నవారు ఇచ్చిన బూడితి ఇత్తడి బిందె, ఏదైనా సరే. "ఇది ఎవరిచ్చారు? ఎవరు మోసుకొచ్చారు? బండి మీదా, నెత్తి మీదా? దీన్ని ఎప్పుడైనా తాకట్టు పెట్టావా?" అని అడగండి. తాకట్టు గురించి తప్పకుండా అడగండి. ఇత్తడి సామాను, కాళ్ళ కడియాలు, ముక్కుపుడక ఏ ఏడు షావుకారు దగ్గరికి వెళ్ళాయో, ఏ ఏడు విడిపించుకున్నారో వరసగా చెబితే ఆ కుటుంబం ఆర్థిక చరిత్ర అంతా వచ్చేస్తుంది. ఏ ఏడు పంట పోయింది, ఏ పెళ్ళికి అప్పు చేశారు, ఎవరి జబ్బుకి ఎంత పోసారు అన్నీ ఆ బిందె చుట్టూనే ఉంటాయి.

పొందూరు వైపు అయితే రాట్నం దగ్గర మొదలుపెట్టవచ్చు. అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్న నూలు వడికేవారు. ఆ పని ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నెల్లిమర్ల వైపు అయితే జూట్ మిల్లు కూత, ఉద్దానం అయితే జీడితోట, తీరంలో అయితే వల, చేపల గంప. ఆవిడ చేతులు ఎక్కువ కాలం ఏ పని చేశాయో ఆ పని దగ్గర కూర్చోబెట్టండి.

రికార్డింగ్

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ చాలు. వీడియో పెడితే పెద్దవాళ్ళు చీర సర్దుకుని, బిగుసుకుపోయి, టీవీలో మాట్లాడినట్టు మాట్లాడతారు. మాటలకి ఆడియో, చేతులకి వీడియో అని పెట్టుకోండి. ఆవిడ చేట చెరుగుతున్నప్పుడో, వడియాలు పెడుతున్నప్పుడో చేతులు మాత్రమే కనబడేలా రెండు నిమిషాల వీడియో తీస్తే ఎన్నో పేజీల వర్ణనకి సమానం.

ముందు అనుమతి అడగండి. మన మామ్మే కదా అని దొంగచాటుగా రికార్డు చేయవద్దు. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు మీద, ఆవిడకి మూరెడు దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపండి. చెవికి అలవాటైపోయి మనకి వినబడదు గానీ రికార్డింగ్‌లో సగం మాటల్ని ఫ్యానే తినేస్తుంది. ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకుని తర్వాత అసలు మాటల్లోకి వెళ్ళండి. మొదట్లో మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారు అన్నది చెప్పండి. ఇరవై ఏళ్ళ తర్వాత వినేవాళ్ళకి మధ్యలో దగ్గింది ఎవరో, నవ్వింది ఎవరో తెలియాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతిలో చిన్న పని ఉన్నప్పుడు మాటలు బాగా సాగుతాయి. గోగాకు తుంచుతూనో, చింతపండు గింజ తీస్తూనో మాట్లాడే మనిషికి మీ కళ్ళలోకి చూడాల్సిన పని ఉండదు. ముప్పై నలభై నిమిషాలు దాటితే అలసట వస్తుంది, అక్కడ ఆపేయండి. స్థలం గురించి టెన్షన్ పడకండి. మామూలు నాణ్యతలో గంట ఆడియో అరవై ఎంబీ లోపే ఉంటుంది.

ఆవిడ ఆగినప్పుడు మీరూ ఆగండి. మౌనాన్ని నింపేయాలని తొందరపడి ఇంకో ప్రశ్న వేయకండి. అసలు సంగతి చాలాసార్లు ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది.

ఏం అడగాలి

పేరు దగ్గర మొదలుపెట్టండి. మనవైపు ఆడవాళ్ళ పేర్ల వెనక చాలావరకు ఒక మొక్కు ఉంటుంది. సింహాచలం అప్పన్నకి మొక్కుకుంటే అప్పలనర్సమ్మ, అప్పలకొండ. అరసవల్లి దేవుడికి మొక్కుకుంటే సూరమ్మ. విజయనగరం చుట్టుపక్కల పైడితల్లి, పైడమ్మ. ఆ మొక్కు ఎవరు మొక్కారు, అంతకుముందు పుట్టిన పిల్లలు ఏమయ్యారు అని అడగండి. రేషన్ కార్డులో ఒక పేరు, కన్నవారింట్లో ఒక పేరు, అత్తవారి ఊళ్ళో "ఫలానా వాళ్ళ కోడలు" అన్న మూడో పిలుపు ఉంటాయి. మూడూ రాసుకోండి. పుట్టింటి ఇంటిపేరు, ఆవిడ తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా. చాలా ఇళ్ళలో మగవాళ్ళ వంశం ఏడు తరాలు చెబుతారు గానీ మామ్మ తల్లి పేరు అడిగితే ఎవరికీ తెలియదు. ఆ ఒక్క పేరూ రాసిపెట్టినా మీ శ్రమ వృథా కాదు.

తర్వాత అడగాల్సిన వాటిలో నాకు బాగా పనికొచ్చినవి ఇవి. అత్తవారింట్లో మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నావు? ఊళ్ళో నూతి దగ్గర ఎవరెవరికి ఏ వరస ఉండేది? ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉండేది, నీ చేతికి మొదటిసారి ఎప్పుడు వచ్చింది? నిన్ను బడికి ఎందుకు పంపలేదు, లేదా ఎందుకు మాన్పించారు? పురుళ్ళు ఎవరు పోశారు? నీకు నచ్చని పెళ్ళి ఏది? విజయనగరం పైడితల్లి సిరిమాను సంబరానికి మొదటిసారి ఎవరితో వెళ్ళావు? ముఖలింగంలో చక్రతీర్థ స్నానానికి బండి కట్టుకుని వెళ్ళారా, నడిచి వెళ్ళారా?

వలస గురించి విడిగా, తీరుబడిగా అడగండి. ఈ రెండు జిల్లాల్లో వలస లేని ఇల్లు తక్కువ. ఒక తరం రంగం వెళ్ళింది. రంగూన్ అంటే మనవాళ్ళకి రంగమే. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వచ్చినప్పుడు ఎంతోమంది కాలినడకన తిరిగొచ్చారు, ఎంతోమంది రాలేదు. తర్వాతి తరాలు కలకత్తా, ఖరగ్‌పూర్, విశాఖ, మద్రాసు, హైదరాబాద్ పట్టాయి. తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా ఇప్పటికీ వెళ్తున్నారు. వెళ్ళిన మగవాళ్ళ కథలు ఇంట్లో అందరికీ తెలుసు. మీరు అడగాల్సింది ఇంకొకటి: "తాత లేని ఆ నెలల్లో ఇల్లు ఎలా నడిచింది?" ఎడ్లను ఎవరు చూశారు, నీళ్ళ వంతు కోసం గట్టు మీద ఎవరితో తగువుపడాల్సి వచ్చింది, డబ్బులు రావడం ఆలస్యమైతే ఏం వండావు, ఉత్తరం ఎవరిచేత చదివించుకున్నావు. మా మామ్మ ఈ ఒక్క ప్రశ్నకి చెప్పినంతసేపు మరి దేనికీ చెప్పలేదు. ఇంటికి మగదిక్కు లేని రోజులు అని అందరూ అనుకునే ఆ కాలంలో ఆవిడే ఇంటి యజమాని.

ఏ ఏడు జరిగిందో పట్టుకోవడం

పుట్టినతేదీ చాలామందికి తెలియదు. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది ఎవరో అంచనాగా వేసింది కావచ్చు, దాన్నే నిజమనుకుని రాసేయకండి. జనన మరణాల నమోదుకి దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పుట్టినవాళ్ళకి సర్టిఫికెట్ వెతకడం కన్నా, అందరికీ గుర్తున్న సంఘటనలతో పోల్చి లెక్కగట్టడం మేలు.

"అప్పటికి నువ్వు ఎంత ఉంటావు? నీళ్ళ బిందె ఎత్తగలవా? పెద్దమనిషివి అయ్యావా? పెళ్ళయిందా? చంకలో ఎవరున్నారు?" ఇలా అడగాలి. ఏ సంఘటనలంటే, విశాఖ మీద జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. స్వతంత్రం 1947. మొదటి సాధారణ ఎన్నికలు 1951 చివర, 1952 మొదట్లో. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. మన్యంలో గిరిజన రైతాంగ పోరాటం రగిలింది 1967 చివరి నుంచి 1970 దాకా. ఆ రోజుల్లో పోలీసు క్యాంపులు, భయం, చీకటిపడితే తలుపులు వేసుకోవడం కొండ దిగువ ఊళ్ళ ఆడవాళ్ళకి బాగా గుర్తుంటాయి. అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్ళకి ఊళ్ళు వణికిపోయింది 1979 జులైలో. పట్టపగలు అందరూ తలుపులు మూసుకుని కూర్చున్న సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16న. రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది 1983లో. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12, తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11.

"స్కైలాబ్ అన్నప్పుడు మీ నాన్న నా కడుపులో ఉన్నాడు" అని ఆవిడ అంటే మీకు ఒక గట్టి మేకు దొరికినట్టే. దానికి అటూ ఇటూ పిల్లల వయసులు, పెళ్ళి, సమర్త సర్దుకుంటూ వెళ్ళండి. కొందరు తెలుగు సంవత్సరం పేరు చెబుతారు. పార్థివ అంటే 1945-46, మళ్ళీ అరవై ఏళ్ళకి 2005-06. రెండింటిలో ఏదో వయసుని బట్టి తెలిసిపోతుంది. లెక్క తేలకపోతే "సుమారు 1944-46 మధ్య" అని రాయండి. అబద్ధపు తేదీ కన్నా నిజమైన సుమారు మంచిది.

జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త పడాలి, ముఖ్యంగా పాత కాగితాలు వెతికేటప్పుడు. శ్రీకాకుళం పట్టణం 1936 ఏప్రిల్ దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఒడిశా విడిపోయినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న, పార్వతీపురం మన్యం 2022 ఏప్రిల్ 4న. 1940లో పార్వతీపురంలో పుట్టిన ఆవిడ ఇల్లు కదలకుండానే నాలుగు జిల్లాలు మారింది. రాజాం వాళ్ళు 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చారు. అందుకని ఊరి పేరు పక్కన అప్పటి జిల్లా, ఇప్పటి మండలం, జిల్లా రాయండి.

వంట, పాట

వంట రాసుకోవడం అంటే ఆవిడ చెప్పింది రాసుకోవడం కాదు, చేస్తుంటే కొలుచుకోవడం. "ఉప్పు సరిపడా" అని ఆవిడ అంటుంది, అది ఆవిడ చేతికి తెలుసు, మీకు తెలియదు. ఆవిడ గుప్పెట్లోకి తీసుకున్న ఆవపిండిని కూరలో వేసేముందు చిన్న త్రాసు మీద వేయించండి. గిద్ద, సోల, తవ్వ, అడ్డ అని చెబితే ఆ కొలపాత్రని నీళ్ళతో నింపి, మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసులో ఒంపి చూసుకోండి. ఊరిని బట్టి కొలతలు మారతాయి కాబట్టి పుస్తకంలో లెక్కలు నమ్మవద్దు. చోడి (రాగి) అంబలి ఎంతసేపు పులియాలి, పనసపొట్టు కూరకి ఆవ ఎప్పుడు పెట్టాలి, దించాకా దించకముందా, అన్నది పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. కరువు రోజుల్లో తిన్నవి కూడా అడిగి రాయండి. పండగ వంటలే రాస్తే ఆవిడ రోజూ పండగే చేసుకున్నట్టు ఉంటుంది.

పాటల సంగతి వేరు. "పాట పాడు" అంటే సిగ్గుపడతారు. "ఊడ్పుల్లో ముందు ఎవరు ఎత్తుకునేవారు?" అంటే పేరు చెప్పి, ఆ మనిషి ఎలా పాడేదో చూపించడానికి తామే పాడేస్తారు. ఊడ్పు పాటలు, దంపుడు పాటలు, గైరమ్మ సంబరంలో పాటలు, ఉయ్యాల పాటలు. తోడికి ఇంకో ముసలమ్మ ఉంటే ఒకరు మరిచిన చరణం ఇంకొకరు అందుకుంటారు. పాటని ముక్కలు చేయకుండా, తప్పులు దిద్దకుండా అలాగే ఉంచండి.

బాధ కలిగించే సంగతులు

పోయిన బిడ్డలు, తాగుడు, దెబ్బలు, అన్నదమ్ముల భూమి తగువులు ఏదో ఒక రోజు మాటల్లోకి వస్తాయి. వచ్చినప్పుడు రికార్డర్ వైపు చూసి "ఇది ఉంచనా, ఆపనా?" అని అడగండి. ఆపమంటే వెంటనే ఆపండి. చెప్పాక "ఇది రాయొద్దురా" అంటే రాయకండి, ఆవిడ పోయాక కూడా. కొందరు "మీ నాన్న ఉన్నన్నాళ్ళూ వద్దు" అని షరతు పెడతారు. ఆ షరతు తేదీతో సహా విడిగా రాసి ఆ ఫైలు పక్కనే ఉంచండి. ఏడిస్తే ప్రశ్నలు ఆపి పక్కన కూర్చోండి, ఆ రోజుకి అంతే.

మతిమరుపు వచ్చిన మామ్మని పరీక్ష పెట్టినట్టు అడగకండి. "నేనెవరు చెప్పు" అన్న ప్రశ్న ఆవిడకి అవమానం. చేతికి చేటో, మనవడి బట్టలో ఇచ్చి, పాత పాట ఒకటి మీరే అందుకోండి. నిన్నటి సంగతి పోయినా అరవై ఏళ్ళనాటి పాట ఉండవచ్చు. తప్పు చెప్పినా దిద్దకండి.

ఆవిడ లేకపోతే

ఆలస్యమైపోయిందని వదిలేయకండి. ముందు ఆవిడ చెల్లెలు, కన్నవారింటి తమ్ముడు, తర్వాత తోటికోడలు, ఇరుగుపొరుగు. కొడుకుల కన్నా కోడళ్ళకి ఎక్కువ తెలుసు, ఎందుకంటే మధ్యాహ్నాలు ఆవిడతో కూర్చున్నది కోడళ్ళే. కన్నవారి ఊరికి తప్పకుండా వెళ్ళండి. మనకి మామ్మగా తెలిసిన మనిషి అక్కడ ఇంకా ఒక అల్లరి పిల్లే. చెట్టెక్కినదీ, తండ్రితో అలిగి అన్నం మానేసినదీ ఆ ఊరివాళ్ళే చెప్పగలరు.

ఒకే సంఘటనని ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఇద్దరివీ రాయండి, ఎవరు చెప్పారో పక్కన పెట్టండి. ఏది నిజమో మీరు తీర్పు చెప్పనక్కర్లేదు.

కాగితాల్లో పాస్‌బుక్కులు, పెన్షన్ కార్డు, ఓటరు కార్డు, భూమి దస్తావేజులు చూడండి. భూమి కాగితాల్లో ఆవిడ పేరు కనబడకపోవచ్చు. ఆ భూమి ఆవిడ పసుపు కుంకుమల కింద వచ్చిందని ఇంట్లో అంటుంటే ఆ మాట తప్పకుండా రాయండి. దస్తావేజు రిజిస్టరై ఉంటే, నంబరు, సంవత్సరం తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడగవచ్చు.

ఫొటోలకి వద్దాం. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకవద్దు, పొర ఊడిపోతుంది. అద్దం మీదుగానే, నీడలో, కొంచెం పక్కకి వంచి, ఫ్లాష్ లేకుండా తీయండి. విడి ఫొటోలని స్కాన్ చేయించండి, చిన్న సైజువి 600 డీపీఐలో. వెనకాల పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ముందుకి అచ్చుపడుతుంది. తుపానుకి తడిసి బురదైన ఫొటోలని మంచినీళ్ళలో మెల్లగా కడిగి, ఒకదానికొకటి తగలకుండా, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది.

రాయడం

విని రాసేటప్పుడు ఆవిడ మాటని పుస్తకాల భాషలోకి మార్చవద్దు. నేను ఈ పద్ధతి మొత్తంలో గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కటే. "మామ్మ ఎంతో కష్టపడి పిల్లల్ని పెంచింది" అన్న వాక్యంలో మామ్మ లేదు. "కోడి కుయ్యకముందే లెగిసీదాన్ని. అంబలి కాసీసి, గుంటల్ని అత్త కాడ ఒగ్గీసి, ఊడ్పులకి ఎల్లీదాన్ని. రెక్కలాడితేనే డొక్కాడతాది, మరేటి సేత్తాం" అన్నదాంట్లో ఉంది (గుంటలంటే పిల్లలు). లేదుని నేదు అంటే నేదు అనే రాయండి. ఈ యాసని సినిమాల్లో నవ్వించడానికి వాడుకున్నారు కాబట్టి మనలో కొందరికి దాన్ని కాగితం మీద పెట్టాలంటే బెరుకు. ఆవిడ ఆ మాటలతోనే బిడ్డల్ని పెంచింది, బేరాలాడింది, దేవుణ్ణి అడిగింది. ఫోన్‌లో మాట విని టైపు చేసే సదుపాయం ఈ యాసని సరిగ్గా పట్టుకోదు, చేత్తోనే ఎక్కించండి. ఇప్పటి పిల్లలకి తెలియని మాటకి కింద అర్థం ఇవ్వండి చాలు.

పుట్టుక నుంచి చావుదాకా వరసగా రాయాలని లేదు. నుయ్యి, ఊడ్పులు, పురుళ్ళు, అప్పులు, తాత లేని నెలలు, కోడళ్ళు అని సంగతుల వారీగా పెట్టుకుంటే రాయడం తేలిక, చదవడమూ తేలిక. చివర్లో ఒక పేజీలో సంవత్సరాల వరస ఇవ్వండి. ఆవిడని దేవతని చేయకండి. కోపం, పంతం, ఒక కోడలి మీద పక్షపాతం, ఎవరికీ ఇవ్వని ఊరగాయ జాడీ, అన్నీ ఉండనివ్వండి. అచ్చు వేయించేముందు బతికున్నవాళ్ళ గురించి రాసిన చోట్లు వాళ్ళకి చదివి వినిపించండి.

అన్నిటినీ మూడు చోట్ల దాచండి: ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో (గూగుల్ ఖాతాతో 15 జీబీ ఉచితం), వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర పెన్‌డ్రైవ్‌లో. వేరే ఊరు అని ఎందుకంటున్నానంటే, మనది తుపాన్ల తీరం. ఇంటితోపాటు అన్ని కాపీలూ ఒక్క రాత్రిలో తడిసిపోకూడదు. ఫైలు పేరులో తేదీ, ఊరు, ఎవరి గొంతో పెట్టండి.

పుస్తకాన్ని దగ్గర్లోని జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించినా సరిపోతుంది. పెద్ద పండక్కి పెద్దలకి బట్టలు పెట్టేరోజు ఇంటిల్లిపాదీ ఒకచోట ఉంటారు కాబట్టి అప్పుడు పంచండి, ఒకరు పైకి చదవండి. కన్నవారింటికి ఒక కాపీ మరిచిపోకుండా పంపండి. చివర్లో పది పన్నెండు ఖాళీ పేజీలు ఉంచి, ఒక పెన్ను కట్టి ఇవ్వండి. చదివాక "అది అలా కాదు, నేనున్నాను అక్కడ" అనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్ళు చెప్పింది, వాళ్ళ పేరుతో, ఆ పేజీల్లోకి ఎక్కించండి.